హామ్ లైసెన్సు కాగితం కోసం టేకులపల్లి దాటి

గల్ఫ్‌లో మేమున్న ఊళ్లో వంట, బట్టలు, పిల్లల టిఫిన్ డబ్బాలు, ఇల్లు తుడవడం అయ్యాక మధ్యాహ్నం నాకు రెండు గంటలు మిగిలేవి. తొంభైల మొదట్లో ఆ రెండు గంటల్లోనే హామ్ రేడియో నేర్చుకున్నాను. ఇంట్లో చిన్న వైర్‌లెస్ సెట్టు పెట్టుకుని దూరదేశాల వాళ్లతో మాట్లాడుకునే పద్ధతి అది. ఒకరోజు పక్కింటి సెట్టులో ఎవరో ఇద్దరు తెలుగులో వాన గురించి మాట్లాడుకుంటుంటే విన్నాను. నాకూ జవాబు చెప్పాలనిపించింది. కష్టపడి, చుక్కలు గీతలతో సందేశం పంపే మోర్స్ పరీక్ష పాసయ్యాను. సెట్టులో మాట్లాడాలంటే లైసెన్సు ఉండాలి, దానికి ఇక ఒక్క కాగితమే తక్కువ: నా మీద కేసులేవీ లేవని సొంతూరి పోలీసులు ఇవ్వాల్సిన ధ్రువపత్రం. దరఖాస్తు ముందే పోస్టులో పంపి, కాగితం తీసుకోవడానికి నేనే బయలుదేరాను.

సికింద్రాబాద్‌లో రాత్రి బండెక్కితే తెల్లారేసరికి కొత్తగూడెం. స్టేషన్ బోర్డు మీద భద్రాచలం రోడ్ అని ఉంటుంది, కంగారుపడకుండా అక్కడే దిగాలి. టేకులపల్లికి బస్సులో గంట పట్టింది. ఆ పైన లోపలి ఊళ్లకు జీపులే గతి. మనిషికి ఐదు రూపాయలు, పదిమంది నిండితే గాని కదలవు. ఆ రోజు మా ఊళ్లో అందరికీ తెలిసిన డ్రైవర్ యాకూబ్ నన్ను చూడగానే నలుగురితోనే బండి తీశాడు.

"జల్దీ పోదాం అక్కా. నీకు ఖబర్ అందలేదా? మీ సత్యాన్ని నిన్న పోలీసోళ్లు తీస్కపోయిండ్రు."

సత్యం నా తమ్ముడు. ఊళ్లో పత్తి వేసుకుని బతుకుతున్నాడు. ఏం చేశాడని అడిగాను.

"నీ దరఖాస్తు మీద ఎంక్వైరీకి పోలీసు జవాను వచ్చిండు. ఇంటి మీద తీగ చూసిండు. ఇగ అంతే."

తీగ సంగతి నాకు తెలుసు. సత్యానికి నేను ఇంతకుముందే ఒక రేడియో ఇచ్చాను. పొడుగు తీగ కడితే నా గొంతు కూడా అందులో వినిపించవచ్చని రాస్తే, వాడు కొత్తగూడెంలో బొగ్గుగనిలో పనిచేసే బావమరిదిని అడిగి తెచ్చుకున్నాడు. అది బొగ్గు పేల్చడానికి వాడగా మిగిలిన తీగ. కార్మికుల క్వార్టర్లలో దాని మీద బట్టలారేస్తారు, కోళ్లగూళ్లు అల్లుతారు. అడవి అంచున మా ఊళ్లో మాత్రం పోలీసులకు ఆ తీగ అంటే నక్సలైట్ల మందుపాతర.

యాకూబ్ నన్ను నేరుగా పోలీస్ స్టేషన్ దగ్గర దింపాడు. గేటు దగ్గర సత్యం భార్య, మా మరదలు కూర్చుని ఉంది. "నువ్వు ఆడ కూసోని ముచ్చట్లు పెట్టు వదినా. తన్నులు ఈడ మేం తింటం," అంది. నేను లోపలికి వెళ్లాను.

ఎస్సై మర్యాదగానే కుర్చీ చూపించాడు. బల్ల మీద సత్యం రేడియో, చుట్టచుట్టిన తీగ ఉన్నాయి.

"ఇంట్ల ఉండే ఆడమనిషికి వైర్‌లెస్ ఏందమ్మా? ఎవరితో మాట్లాడ్తరు?"

"ఎవరు పలికితే వాళ్లతో సార్. ఎవరైనా వినొచ్చు, అందులో దాపరికం ఉండదు."

"గదంత పైవాళ్లకు నేనెట్ల చెప్పాలె? అక్కకు వైర్‌లెస్ కావాలె, తమ్ముని ఇంటి మీద పేలుడు తీగ. రెండూ ఒక్క ఫైలుల పోతే వాడు జైలుకే. దరఖాస్తు వాపస్ తీస్కోండ్రి. అప్పుడు ఇది ఒట్టి తీగ."

"మళ్లీ పెట్టుకోవచ్చా?"

"ఈడ నేనున్నంత కాలం వద్దు."

లోపలి గదిలో ఎవరో దగ్గారు. సత్యం దగ్గు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. నాకు వైర్‌లెస్ అక్కర్లేదని తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టాను.

కాసేపటికి వాణ్ణి బయటికి పంపారు. అరికాళ్లు వాచి చెప్పులు పట్టక, వాటిని చేత్తో పట్టుకుని గోడ ఆనుకుంటూ వచ్చాడు. నన్ను చూసి మొదట అడిగిన మాట ఇది: "అక్కా, నీ కాయిదం ఇచ్చిండ్రా?"

"ఇచ్చిండ్రు, పద," అన్నాను.

గల్ఫ్‌కు తిరిగొచ్చాక ఇప్పటికీ మధ్యాహ్నాలు పక్కింటికి వెళ్లి వింటూ కూర్చుంటాను. తెలుగు మాట వినిపించినా నోరు తెరవను. ఎప్పుడు మాట్లాడతావని సత్యం ప్రతి ఉత్తరంలోనూ అడుగుతాడు. సెట్టు బాగులేదని రాస్తుంటాను. వాడికి నడక ఇంకా పూర్తిగా రాలేదని మరదలు రాసింది, వాడు రాయలేదు.

ఇలాంటి కాగితం కోసం దూరం నుంచి వచ్చేవాళ్లకు ఒక్క మాట: దరఖాస్తు పోస్టులో పంపకండి. ముందు ఊరికి చేరుకుని, ఆ తర్వాతే మీ చేత్తో ఇవ్వండి. విచారణకు మనిషి వచ్చినప్పుడు తలుపు తీసేది మీరే కావాలి.