పెద్దత్త మొఖం, ఓదెమ్మ కండ్లు

కరోనా వచ్చిపోయిన మూడో ఏడు, ఎండకాలం. గోదావరిఖనిల ఆటోలు నిలవడే జాగ పక్కన్నే నా పెయింటింగు దుకాణం. ఇప్పటికీ ఆడనే ఉన్నది. దుకాణమంటే పెద్దగ ఊహించుకోకున్రి. మీద రేకులు, కింద బల్ల, బల్ల మీద రంగు డబ్బాలు. రోడ్డు దాటితే ఓదెమ్మక్క మిర్చి బజ్జీల బండి. నేను ఇటు దిక్కు బ్రష్షు పట్టుకోని, ఆమె అటు దిక్కు జల్లిగంటె పట్టుకోని, ఒకరి మొఖం ఒకరం చూసుకుంట ఎనిమిదేండ్లు బతికినం. ఈ ముచ్చట మొత్తం ఆ చూసుకునుడు మీదనే నడిచింది.

నేను సదువుకున్నదాన్ని కాదు. ఇది గూడ నేను నోటితోని చెప్తుంటే మా కాలనీ టీచరమ్మ రాస్తున్నది. మా ఆయన పెయింటరు. గనుల కాడ గోడల మీద జాగ్రత్త మాటలు, దుకాణాల పేర్లు, బండ్ల నంబర్లు రాసేటోడు. ఆయనకు రంగులు కలిపిచ్చుకుంట పదిహేనేండ్లు పక్కన కూసున్న. ఆయన పోయినంక ఆ బ్రష్షే నేను పట్టిన. అక్షరాలు నాకు సరిగ రావు. గిరాకి కాగితం మీద రాసిస్తే బొమ్మ లెక్క దించుత. "నువ్వు రాసింది ఏందో నీకు ఎరుకేనా అక్క?" అని నవ్వుతరు. "ముగ్గేసేటామెకు ముగ్గు సదవొస్తదా?" అంట నేను.

ఇప్పుడు బోర్డులన్ని ఫ్లెక్సీలైనయి. మాకు మిగిలినయి ఆటోలు, ట్రాక్టర్లు. పని తెల్వనోళ్లకు చెప్త. రేకు మీద ముందు ప్రైమర్ కొట్టాలె, అది రంగును పట్టి ఉంచే అడుగు పూత. దాని మీద ఎనామిల్, ఆరినంక మెరిసే నూనె రంగు. సన్న గీతలకు లైనర్ అని పొడుగు ఎంటికల బ్రష్షు. ఏ ఊర్లెనైన ఇంతే. మా ఊర్లె ఇంకో రెండు నేర్చుకోవాలె. తెల్లరంగు పొద్దుగాల ఏస్తే పొద్దుమూకేవరకు బొగ్గుదుమ్ము పడి బూడిదరంగయితది, అందుకే ఆరేదాక పాత చీర అడ్డం కట్టాలె. రెండోది, ఓపెన్ కాస్టు గనిల బ్లాస్టింగ్ అయ్యే ఏళకు కండ్లు గీయొద్దు. భూమి ఒక్కసారి జుమ్మంటది, చెయ్యి కదుల్తది. కొప్పో గాజో అయితే సర్దుకోవచ్చు. కన్ను కాడ చెయ్యి జారితే దేవుడు గూడ మెల్లకన్నోడైతడు.

ఆ ఎండకాలం తిరుపతి వచ్చిండు. ఓదెమ్మక్క అల్లుడే, ఆటో నడుపుతడు. గిరాకి లేనప్పుడు ఫోన్ల కార్ల రేసులు చూసుడు అతనికి పిచ్చి. ఒకపారి నాకు గూడ చూపెట్టిండు. బల్లి లెక్క నేలకు కరుచుకున్న కార్లు, జోరీగలు మోగినట్టు సప్పుడు.

"ఏడికి పోతున్నరు వీళ్లు గింత జోరుగ?" అని అడిగిన.

"ఏడికీ పోరు అక్క. ఆన్నే తిరుగుతరు."

"తిరిగి తిరిగి?"

"బయలెల్లిన కాడికే వస్తరు."

"గిదేం రేసురా? మన ఫస్టు షిఫ్టు బస్సు లెక్కనే ఉన్నది."

ఇప్పుడు ఆటోను అసొంటి రేసుకారు లెక్క చెయ్యాలన్నడు. ఊకె వచ్చిన కోరిక కాదది. అతని భార్య స్రవంతి కాన్పుకు తల్లిగారింటికి పోయింది, ఆడపిల్ల పుట్టింది. ఐదో నెల నడుస్తున్నది. వచ్చే బుధవారం మంచి దినం, తల్లీబిడ్డను ఇంటికి తోలుకొచ్చుకోవాలె. ఆ దినం తప్పితే ఆరో నెల పడ్తది. సరి నెలల పసిపిల్లను ఇల్లు మార్చొద్దంటరు మా దిక్కు. మళ్ల ఏడో నెల దాక ఆగుడే.

"నా బిడ్డ మొదటిపారి నా బండి ఎక్కుతది అక్క. రోడ్డు మీద అందరు ఎనుకకు మర్రి మర్రి చూడాలె," అన్నడు.

సరేనన్న. ఎర్ర రంగు, పక్కలకు తెల్ల పట్టీలు, ముందట గుండ్రంల ఏడు నంబరు. రేసుకార్ల మీద ఖాళీ జాగ లేకుంట కంపెనీల పేర్లుంటయట. మనోడు పంచరు దుకాణం పేరు, చాయ హోటలు పేరు, కటింగు షాపు పేరు కాగితం మీద రాసుకొచ్చిండు. అన్ని దించిన. ఆఖరుకు ఎనుక రేకు మీద దిష్టిబొమ్మ. అందరు రాక్షసుని మొఖం ఏపిచ్చుకుంటరు. తిరుపతి వద్దన్నడు.

"రాక్షసుడు పాతగైండు అక్క. వాన్ని చూసి ఎవరు జడుసుకుంటున్నరు? ఏడింటికొచ్చే సీరియల్ల పెద్దత్త మొఖం ఎయ్యి. టీవీల ఆమె వస్తే మంచం మీద నేనే కాళ్లు ముడుసుకుంట. రెండు కోరలు గూడ పెట్టు."

నాకు నవ్వొచ్చింది. ఆ సీరియల్ నేనూ ఓదెమ్మక్క ఇద్దరం చూస్తం. తెల్లారి రోడ్డుకు ఇటు నుంచి అటు కేకలేసుకుంట దాని ముచ్చటే మాట్లాడుకుంటం. పెద్దత్త కోడలిని పస్తులు పండవెట్టిన దినమైతే ఓదెమ్మక్క జల్లిగంటె లేపి, "గామె నా చేతికి దొరకాలె చెల్లె, మిర్చిలతోని పాటు ఏంచుత," అన్నది.

"ఫోన్ల ఫోటో ఉన్నది, చూపెట్టాల్నా?" అన్నడు తిరుపతి.

"రోజు చూసే మొఖమే గదరా. ఫోటో ఎందుకు?" అన్న.

తప్పు ఆన్నే చేసిన.

సుద్దతోని గీత పెట్టిన్నో లేదో మొఖం దానంతటదే వచ్చింది. కుడి కనుబొమ్మ పైకి, ఎడమ కన్ను జర చిన్నగ, పెదవులు ఒక పక్కకు బిగవట్టి. ఇంత సులువుగ నా చేతికి ఏ మొఖమూ రాలేదు. అప్పుడే నాకు అనుమానం రావాలె, రాలేదు. తిరుపతి వచ్చి చూసి రెండడుగులు ఎనుకకేసిండు.

"అమ్మో! సేమ్ గామెనే అక్క. ఈ చూపు నాకు మస్తు ఎరుకే."

ఎరుకే మరి. పెండ్లయిన కాడ్నించి చూస్తున్నడాయె.

అందరు కట్టినట్టే ఆ మొఖం కింద ఒక పాత చెప్పు కట్టిండు, పక్కకు నిమ్మకాయ మిరపకాయలు కట్టిండు. ఆదివారం బండి ఆటోల అడ్డ మీదికి పోయింది.

ఆ దినమే పగటీలి ఫస్టు షిఫ్టు దిగినోళ్లు మిర్చిల బండి కాడ నిలవడి, "ఓదెమ్మక్క, నీ అల్లునికి నీ మీద ఎంత ప్రేమ, ఎంత పావురమే! ఆటో మీద నీ బొమ్మ ఏపిచ్చుకున్నడు," అన్నరు. ఆమె మురిసిపోయింది. కొంగుకు చేతులు తుడుసుకోని, అల్లునికని ప్లేటుల నాలుగు వేడి వేడి మిర్చిలు పెట్టుకోని రోడ్డు దాటింది. నేను ఇటు నుంచి చూస్తనే ఉన్న. నవ్వుకుంట ఆటో ఎనుకకు తిరిగింది. ఎండ పడి ఎడమ కన్ను చిన్నగ చేసింది. కుడి కనుబొమ్మ పైకి లేచింది. పెదవులు ఒక పక్కకు బిగిసినయి.

ఎదురెదురుంగ రెండు ఒక్కతీరు మొఖాలు. తేడా ఏమన్న ఉంటే కోరలే. నా చేతిలకెళ్లి బ్రష్షు జారి డబ్బాల పడ్డది.

"ఎవరిదిది?" అన్నది.

"సీరియల్ల పెద్దత్తది అత్తా," అన్నడు తిరుపతి.

"మరి దాని ముక్కుకు నా ముక్కుపుడక ఎందుకున్నది?"

నిజమే. ఆరు రాళ్ల ముక్కుపుడక. అది ఎప్పుడు పెట్టిన్నో నాకే ఎర్కలేదు. ఆమె కిందికి చూసింది, వేలాడే చెప్పు కనపడ్డది. ఇగ అయిపోయింది.

"నా బిడ్డ ఈ ఆటో ఎక్కది. నా మనుమరాలు అసలే ఎక్కది. నా మొఖానికి చెప్పు కట్టిన బండిల వాళ్లు కూసొని రావాల్నా?" అని ఎనుకకు మర్రింది. మిర్చిల ప్లేటు గూడ ఆమెతోనే మర్రింది. బండిని సగం తిప్పుకోని నాకు ఈపు పెట్టి నిలవడ్డది. ఎనిమిదేండ్లల్ల ఆమె ఈపు చూసుడు నాకు అదే మొదలు.

తిరుపతి స్రవంతికి ఫోన్ చేసిండు. ఆ పిల్ల గట్టిగనే అన్నది, నాకు గూడ ఇనపడ్డది. "మా అమ్మ ఏమంటే అదే. నువ్వు కండ్లు ఏడ పెట్టుకోని చూసినవు? మా అమ్మను గుర్తువట్టలేవా?"

ఫోన్ పెట్టి నా బల్ల మీద కూలవడ్డడు. "బుధవారానికి ఇంక మూడు దినాలే అక్క. ఇంట్ల ఉయ్యాల కట్టిన. రోజు డ్యూటీ దిగి దాన్ని ఒకపారి ఊపి పంటున్న. ఇంకో నెల పొడుగు ఖాళీ ఉయ్యాల ఊపాల్నా? తుడిచేద్దాం అక్క."

"తుడిస్తే ఆమెనే అని ఒప్పుకున్నట్టైతదిరా. రేపు అందరు అదే చెప్పుకోని ఇంకింత నవ్వుతరు. ఏదీ, నీ రేసు ఇంకోపారి చూపెట్టు."

చూసిన. ఈసారి కార్లను కాదు, మనుషులను చూసిన. అందరి తలకాయలకు హెల్మెట్లు.

"వీళ్ల మొఖాలు కనపడయా?"

"కనపడయి అక్క. కండ్లే."

"కండ్లు సాలు," అన్న.

సోమవారం పొద్దుగాల కూసున్న. ఉప్పు కాగితంతోని కోరలు గీకేసిన, ముక్కు, ముక్కుపుడక, మూతి గీకేసిన. ప్రైమర్ కొట్టి ఆరవెట్టిన. దాని మీద గుండ్రంగ ఎర్ర హెల్మెట్, తెల్ల పట్టీ, నడుమ నాలుగు వేళ్ల ఎడల్పు సందు. ఆ సందుల రెండు కండ్లు. వాటిని మాత్రం ముట్టలేదు. అసొంటి కండ్లు మళ్ల గీయుమంటే నాతోని కాదు.

మంగళవారం ఓదెమ్మక్క మూకుడుల నూనె పోయకముందే రోడ్డు దాటి పోయిన. ఆమె పిండి కలుపుతున్నది. తలకాయ లేపలేదు.

"అక్క, నేను కావాలని ఎయ్యలేదు. పొద్దంత నా కండ్ల ముందట ఉండేది నువ్వే. నా చేతికి నీ మొఖమే అలవాటైంది."

"అలవాటైంది సరే. కోరలు ఎప్పుడు చూసినవే?"

"కోరలు నీ అల్లుడు అడిగిండు."

"అడుగుతడు వాడు." పిండిని రెండు దెబ్బలు కొట్టింది. "నాకు బాధ మొఖానికి కాదు చెల్లె. పోయి పోయి గా పెద్దత్తకా? కోడలికి బుక్కెడు బువ్వ పెట్టనిదానికా నా మొఖం? ఐదు నెలల సంది బిడ్డకు కారం గూడ తగలనీయకుంట ఒండిపెడ్తున్న. పసిదానికి ఈ చేతులతోనే నీళ్లు పోస్తున్న. అందరు చూసి నవ్వినప్పుడు, నిజంగనే నేను గట్ల కనపడ్తున్ననా అని ఆ రాత్రి అద్దం చూసుకున్న."

ఆమె పిండి చెయ్యి పట్టుకోని, "వచ్చి చూడక్క," అన్న.

వచ్చింది. తిరుపతి ఆటో పక్కన బడి పిల్లగాని లెక్క నిలవడ్డడు. ఆమె శానసేపు చూసింది.

"ఎవరు?"

"రేసుకారు నడిపేటామె," అన్న.

"ఆడోళ్లు నడుపుతరా?"

"నడుపుతరు అత్తా," అన్నడు తిరుపతి.

"కండ్లు నాయే."

"నీయే అక్క."

"మరి బొట్టేది?"

మేమిద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. "రేసుల బొట్టు కనపడదు అత్తా, హెల్మెట్..." అని తిరుపతి నసిగిండు.

"నాకు కనపడాలె."

బ్రష్షు తీసి హెల్మెట్ నొసటికి రూపాయంత బొట్టు పెట్టిన. పక్కకు జరిగి చూసింది, తల ఊపింది. "చెప్పు..." అన్నదో లేదో, తిరుపతి దారం తెంపి చెప్పును మురికి మోరీల ఇసిరేసిండు. "నిమ్మకాయలు ఉండనీ. దిష్టికి నా చూపు సాలుతది, అయినా ఉండనీ," అన్నది. అటెనుక ఆటో సుట్టు తిరిగి పక్క రాతల కాడ ఆగింది.

"ఇవ్వేంది?"

"దుకాణాల పేర్లు అత్తా. రేసుకార్లకు ఉంటయి."

"పంచరోని పేరున్నది, కటింగోని పేరున్నది. నువ్వు మూడేండ్ల సంది తింటున్న మిర్చిల పేరేది?"

ఆ దినం పొద్దుమూకేలోపట "ఓదెమ్మ మిర్చి సెంటర్" అని, అన్నిటికంటే పెద్దగ దించిన. పని చూసి పోయేటప్పుడు ఆమె నా పక్కన నిలవడి మెల్లగ అన్నది.

"నువ్వు గింత పరేషాన్ ఎందుకైనవే? నువ్వేసే ఆంజనేయస్వామికి మీ ఆయన చెవులే ఉంటయి. రెండు దిక్కుల డొప్పల లెక్క నిలవడి. ఆయనను చూసినోళ్లమే గద, ఈడ అందరికి ఎరుకే. ఏ దినమన్న అన్నమా నిన్ను?"

నేను బల్ల మీద కూసున్న. పదేండ్ల సంది ట్రాక్టర్లకు ఆంజనేయస్వామిని ఏస్తున్న. మంచిగొస్తుండని మురుసుకుంటున్న. నాకు ఎర్కలేదు.

బుధవారం పొద్దుగాల ఆటో వచ్చింది. ఎనుక సీట్ల స్రవంతి, ఆమె ఒళ్లె పసిది. డ్రైవరు పక్కన ఇరుకుల, కొత్త చీర కట్టుకోని ఓదెమ్మక్క. నా దుకాణం ముందటికెళ్లి పోయింది, చౌరస్తా సుట్టు తిరిగి మళ్ల వచ్చింది, మళ్ల పోయింది.

"ఏడికి పోతున్నవురా?" అని కేకేసిన.

"ఏడికీ పోను అక్క, రేసు!" అన్నడు తిరుపతి.

"ఇగ సాలుతియ్యి, పిల్లకు ఎండ కొడ్తున్నది, ఇంటికి నడువ్!" అని ఓదెమ్మక్క అతని జబ్బ మీద ఒకటేసింది. మూడో సుట్టుకు ఇంటి దారి పట్టిన్రు. ఎనుక హెల్మెట్లకెళ్లి ఆ కండ్లు మలుపు తిరిగేదాక నన్నే చూసినయి.

ఆ పనితోని నేను నేర్చుకున్నది చెప్త. చెయ్యి గిరాకి అడిగిన మొఖం గీయది, కండ్లు దాచుకున్న మొఖం గీస్తది. అందుకే ఇప్పుడు ఎవరి బొమ్మకైనా ఫోటో ముందట పెట్టుకుంట. అయిపోయినంక రోడ్డు అవతలకు పిలిచి, "ఎవరిదో చెప్పక్క," అంట. ఓదెమ్మక్క కన్ను చిన్నగ చేసి చూసి, "నాది కాదు," అంటేనే బండి తాళం ఇస్త.

ఆంజనేయస్వామికి మాత్రం ఫోటో పెట్టుకోను. పొద్దంత ఇసుక ట్రాక్టర్లు మా దుకాణం ముందటికెళ్లి పోతుంటయి, ఒక్కోదానికి ఆ రెండు చెవులు. హారన్ ఇనపడితే తలకాయెత్తి, "జర మెల్లగ పోరాదు," అంట. డ్రైవర్లు తమను అంటున్ననే అనుకుంటరు. ఎవరినంటున్ననో ఓదెమ్మక్కకు ఎరుకే.