సువార్తమ్మ చూపిన నల్లచారలు

కాంతి అలా, రేణువా అని యూరపు శాస్త్రవేత్తలు జుట్టు పీక్కుంటున్న రోజుల్లో, అంటే 1909లో, రాజమండ్రిలో తేలవలసింది మరొకటి ఉంది. మిషను ఆడపిల్లల బడిలో సువార్తమ్మ ఉద్యోగం ఉంటుందా, ఊడుతుందా?

సువార్తమ్మది పాలకొల్లు. కుట్టుపని నేర్పడానికి చేరి, దొరికిన పుస్తకమల్లా చదివి, ఎవరూ అడక్కుండానే సైన్సు చెప్పడం మొదలుపెట్టింది. భయం తక్కువ, నోరు ఎక్కువ. అందుకే ఆమె అంటే నాకు ఇష్టం. ఒకరోజు, వెలుగుకు వెలుగు కలిస్తే ఒక్కోచోట చీకటి వస్తుందని పాఠం చెప్పింది. ఆ సాయంత్రం సంఘపెద్ద సామ్యేలుగారింట్లో ప్రార్థన వేళ రెండో దీపం తెమ్మంటే కూతురు రూతు కదల్లేదు.

"తేనండి నాన్నగారండీ. రెండోది పెడితే చీకటైపోద్దంటండి. పంతులమ్మగారు చెప్పారు."

ఆ ఇంట్లో వెలుగంటే ప్రభువే. సామ్యేలుగారికి ఒళ్ళు మండింది. మర్నాడే బడి కమిటీని వెంటబెట్టుకొచ్చి, "రుజువు చూపించండి, లేదంటే పెట్టె సర్దుకోండి" అన్నారు.

ఆ ఏడే ఇంగ్లండులో ఒక పరిశోధకుడు, రేణువులు ఒక్కొక్కటిగా రావలసినంత మసక వెలుగులో నెలల తరబడి ఫోటో తీసినా సూది నీడలో చారలు చెదరలేదని ప్రకటించాడు. ఒంటరిగా వచ్చే రేణువు దేనితో కలిసి చారలు గీస్తుందన్న ఆ చిక్కుముడి మా ఫిజిక్సు వాళ్ళకు నేటికీ పూర్తిగా వీడలేదు. సువార్తమ్మకు ఆ సంగతేమీ తెలియదు. ఆమె గాజుపలకకు దీపం మసి పట్టించి, కుట్టుసూదితో పక్కపక్కనే రెండు గీతలు గీసింది. ఒకటి కాస్త పొడుగు, దాని కొస దగ్గర ఆ ఒక్క గీతే ఉండేలా. కిటికీ తలుపులు దగ్గరగా వేసి, సందులోని సన్నని వెలుగును పలకలోంచి చూడమని సామ్యేలుగారికి చెప్పింది.

"ఇప్పుడు కంటికెదురుగా ఒక్క గీతే ఉందండి. ఏం కనపడుతోంది?"

"వెలుగే."

పలకను కొంచెం జరిపింది. రెండో గీత కూడా కంటి ముందుకొచ్చింది. సామ్యేలుగారు ఉలిక్కిపడ్డారు.

"ఈ నల్లచారలేంటమ్మా? ఇందాక అక్కడ వెలుగుంది కదా! ఎక్కడికి పోయింది?"

"పోలేదండి. పక్క చారల్లో చేరింది. అవి ముందుకంటే మెరుస్తున్నాయి, చూడండి. కాలవలో రెండు అలలు కలిస్తే నీళ్ళు ఒకచోట అణిగి, ఇంకోచోట లేస్తాయి కదండీ, అలాగే."

"అయితే వెలుగు ఎక్కడికీ పోదన్నమాట!" అన్నారాయన.

"పోదండి."

గెలిచానని సువార్తమ్మకు తెలిసిపోయింది. సంతోషంతో కళ్ళు చెమర్చాయి. అడిగేదేదో ఇప్పుడే అడగాలనుకుంది.

"మరైతే పెద్ద పిల్లలందరికీ రోజూ సైన్సు పెట్టించండి."

"పెట్టిద్దామమ్మా" అన్నారు సామ్యేలుగారు, పలక మీంచి కన్ను తీయకుండానే. వెనకనుంచి కమిటీ పెద్దలు తోసుకొస్తుంటే ఆయన కసిరారు.

"వరసలో ఉండండయ్యా, నాదింకా అవ్వలేదు!"