నంద్యాలలో యూదు గ్రంథ సంచయం

ఆ రోజుల్లో మా వైపు గ్రంథాలయంలో ఉద్యోగం అంటే, పెళ్లి సంబంధం మాట్లాడడానికి వచ్చినవాళ్లు ఒక నిమిషం ఆగి, "అంటే, పుస్తకాలకు కాపలానా?" అని అడిగేవారు. కాదని నచ్చజెప్పడానికి మా నాయన తంటాలు పడేవాడు గానీ, నేను పొద్దస్తమానం అక్కడ ఏం చేస్తానో ఆయనకూ తెలియదు. నిజం చెప్పాలంటే నాకూ అంతంత మాత్రమే తెలుసు. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి ఏడు, మద్రాసులో గ్రంథాలయ శిక్షణ ముగించుకొని నంద్యాల శాఖా గ్రంథాలయంలో తాత్కాలిక సహాయకుడిగా చేరాను. వయసు ఇరవై మూడు. సర్టిఫికెట్టుకు అద్దం కట్టించి దేవుళ్ల పటాల పక్కన తగిలించాను (అమ్మ శుక్రవారాల్లో దానికీ ఒక పువ్వు పెట్టేది). ఊళ్లో ఆ చదువు చదివినవాళ్లం ఇద్దరమే. ఒకరు మా పెద్దసారు, అంటే గ్రంథపాలకుడు. ఆయన చదివింది ఏనాడో మరిచిపోయారు. రెండోవాణ్ణి నేను. మరవడానికి నాకింకా వ్యవధి దొరకలేదు.

పెద్దసారు మంచివారే. పుస్తకం అల్మారాలో ఉన్నంతసేపూ అది క్షేమంగా ఉన్నట్టని ఆయన సిద్ధాంతం. పాఠకుడు చెయ్యి చాపితే ఆయన ముఖంలో, చంటిబిడ్డను పరాయివాళ్లు ఎత్తుకున్నప్పుడు తల్లి ముఖంలో కనిపించే దిగులు కనిపించేది. అలాంటి మా గ్రంథాలయానికి ఒక రోజు ఎద్దులబండి మీద ఒక ట్రంకుపెట్టె వచ్చింది. మిషను బంగళాలో ముప్ఫై ఏళ్లుగా ఉన్న దొరసానమ్మ తన దేశానికి వెళ్లిపోతూ, మోసుకుపోలేని పుస్తకాలను మాకు దానం చేసింది. ఇంగ్లీషు పుస్తకాల అడుగున అట్టలు ఊడిపోయిన మూడు పుస్తకాలు ఉన్నాయి. వాటి లిపి మాకెవరికీ తెలియదు. పెద్దసారు ఒకదాన్ని అటూ ఇటూ తిప్పి, "ఉర్దూ అల్మారాలో పెట్టెయ్" అన్నారు. రోజూ ఉర్దూ పత్రిక చదవడానికి వచ్చే పెద్దమనిషి మరునాడే వాటిని తెచ్చి నా బల్ల మీద పెట్టి, ఇవి తమవి కావని మర్యాదగా చెప్పి వెళ్లాడు. నేను విజ్ఞాన సర్వస్వం తీసి, ప్రపంచ లిపుల బొమ్మలున్న పుట ముందు పెట్టుకొని, ఎటు తిప్పితే ఏ అక్షరం కలుస్తుందో చూస్తూ ఒక పూటంతా పోల్చాను. హీబ్రూ. యూదుల భాష. బొమ్మలు మాత్రమే చూసి, కింద ఉన్న వివరణ చదవకపోవడం నా పాండిత్యంలోని మొదటి లోపం.

అట్టలు కట్టడానికి వాటిని వెనక సందులోని బైండింగు మామ దగ్గరికి తీసుకుపోయాను. ఆయనను ఊళ్లో అందరూ మామా అనే పిలిచేవారు. ఆయనకు మేమందరం అల్లుళ్లం. మామ ఒక పుస్తకాన్ని చేతిలోకి తీసుకొని, తలకిందులు చేసి, మళ్లీ చూశాడు.

"అల్లుడూ, ఇది నువ్వు పట్టుకున్నెట్ల కాదు. మా ఉర్దూ పుస్తకాల మాదిరి ఈ పక్కనుంచి తెరవాల. నువ్వు బోర్లేసి పట్టుకుండావ్."

"ఇది ఉర్దూ కాదు మామా."

"కాదని నాకూ తెల్సు. కానీ అచ్చరాలు నెత్తి మీద నిలబడినట్టుండాయి, సూడు."

"నేను మద్రాసులో నేర్చుకొని వచ్చినా మామా. వెన్ను ఎడమకు వస్తాంది కదా. చెప్పినట్ల కట్టు."

మామ సూదికి దారం ఎక్కించాడు. చెప్పినట్టే కట్టాడు. ఎర్రటి గుడ్డ అట్టల వెన్ను మీద హీబ్రూ ఒకటి, రెండు, మూడు అని తెలుగులో బంగారు అచ్చు కూడా వేశాడు. ముద్దొచ్చేటట్టు ఉండేవి. లోపల మూడు పుస్తకాలూ తలకిందులుగా ఉన్నాయన్న సంగతి మామకు తెలుసు. నాకు చాలాకాలం తెలియలేదు.

ఆ ట్రంకుపెట్టెలోనే ఒక విదేశీ పత్రిక సంచికలు రెండు దొరికాయి. యూదుల పుస్తకాలు ఏయే గ్రంథాలయాల్లో ఉన్నాయి, వాటి జాబితాలు ఎట్లా రాయాలి, పేర్లు ఏ వరసలో పెట్టాలి, పాత కాగితాన్ని పురుగు నుంచి ఎట్లా కాపాడాలి, అంతా ఇదే గొడవ. నేను ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకొని చదివాను. ఒక వ్యాసం మాత్రం నన్ను కదలనివ్వలేదు. యుద్ధంలో చెదిరిపోయిన ఒక గ్రంథాలయపు పుస్తకాలను, దాంట్లో పనిచేసిన మనిషే ఒక్కొక్కటీ వెతుక్కుంటూ, ఇది ఫలానా ఊళ్లో ఉంది, ఇది దొరకలేదు, ఇది దొరకలేదు, అని పుటలకు పుటలు రాసుకుపోయాడు. ఎక్కడా కంటతడి మాట లేదు. వరుస సంఖ్యలు, అంతే. మా పనిలో ఇంత ఉందా అని నాకు మొదటిసారి అనిపించింది. చివరి పుటలో సంపాదకుడి విన్నపం ఒకటి: ఏ దేశంలోనైనా మీ గ్రంథాలయంలో హీబ్రూ పుస్తకాలుంటే తెలియజేయండి, ప్రచురిస్తాం. ఆ మనిషి వెతుకుతున్నవాటిలో ఒకటి మా దగ్గర ఉందేమో, ఎవరికి తెలుసు? ఇంతవరకు నా ఆలోచన మంచిదే. కలం పట్టుకున్నాకే చెడింది. 'నంద్యాలలో యూదు గ్రంథ సంచయం' అని ఇంగ్లీషులో శీర్షిక పెట్టి, మూడు అన్న అంకె మరీ బోసిగా కనిపించి, దాన్ని కొట్టేసి, 'కన్సిడరబుల్ కలెక్షన్', అంటే చెప్పుకోదగ్గంత సంచయం, అని రాశాను. వినడానికి బాగుంది. టపాలో వేశాను.

రెండు నెలలకు జవాబు వచ్చింది. మీ లేఖ మాకు ఎంతో సంతోషం కలిగించింది, బొంబాయిలో ఉన్న మా సభ్యుడొకరు గ్రంథాలయం పని మీద మద్రాసు వెళ్తూ, గుంతకల్లులో దిగి, డోన్ మీదుగా నంద్యాల వచ్చి మీ సంచయాన్ని స్వయంగా చూస్తారు, అని ఉంది. వచ్చే గురువారమే. పెద్దసారు ఆ ఉత్తరం మూడుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"దొర వస్తాండాడా మన లైబ్రరీకి. తాసీల్దారుకు చెప్పాల. దండలు చెప్పాల. ఎన్ని పుస్తకాలని రాసినావప్పా?"

"లెక్క రాయలేదు సార్."

"మల్ల ఏమని రాసినావ్?"

చెప్పాను. ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. "మూడే కదప్పా ఉండేది," అన్నారు నెమ్మదిగా. "దాంట్లో ఒకటి ఆళ్లగడ్డలో ఉండాది. నీ ఉద్యోగం పర్మినెంటు కాగితం నా బల్ల మీదనే ఉంది, తెల్సు కదా."  అంతకన్న అనక్కరలేదు.

ఆళ్లగడ్డలో ఉన్న పుస్తకం, ఒకప్పుడు మిషను బడిలో పాఠాలు చెప్పిన ముసలి అయివారు తీసుకుపోయింది. మరునాడే బస్సెక్కాను. శిరివెళ్ల దాటేదాకా నల్లరేగడి చేల వైపు చూస్తూ, మూడింటిని ఎక్కువ చేసే ఉపాయం ఏదైనా ఉందా అని ఆలోచించాను. అయివారు నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి పెట్టి, నేను చివరి ముక్క నోట్లో పెట్టుకున్నాకే పుస్తకం తెచ్చారు. పాత పంచెగుడ్డలో చుట్టి ఉంది. విప్పి, నా కళ్ల ముందే దాన్ని తలకిందులు చేసి, కుడి నుంచి తెరిచి, వేలు పెట్టి చదవసాగారు. నా నోట్లో రొట్టె ముక్క అట్లాగే ఉండిపోయింది.

"బోర్లేసి కట్టించినానా అయివారూ?"

"అవునప్పా. తిప్పుకుంటే నీ బంగారు అచ్చరాలు కిందికి పోతాయి, అంతే."

"తీసుకుపోయిన పొద్దే ఎందుకు చెప్పలేదు మీరు?"

"అంత సంబరంగా చూపిస్తివి. చెప్పబుద్ధి కాలేదు. పుస్తకానికేం నష్టం, చదివేటోడు తిప్పుకుంటాడు."

అప్పుడు నేనంతా చెప్పేశాను. ఆయన నవ్వలేదు. లోపలికి పోయి అయిదు నోటుబుక్కులు తెచ్చారు. దొరసానమ్మ ప్రార్థనల తెలుగు అనువాదాన్ని హీబ్రూ మూలంతో పోల్చి సరిచేసుకున్న రోజుల్లో పక్కన కూర్చున్నది ఈయనేనట. అప్పుడు నేర్చుకున్న హీబ్రూ మాటలన్నీ తెలుగు అక్షరాల్లో రాసి, పక్కన అర్థం రాసి పెట్టుకున్నారు. మయిం, నీళ్లు. బయిత్, ఇల్లు. లెహెం, రొట్టె. దాని కింద చిన్న అక్షరాల్లో, సంగటి అనుకున్నా తప్పు లేదు, అని ఉంది. శలోం, నెమ్మది. వేల మాటలు. అచ్చయిన ప్రార్థనల మీద దొరసానమ్మ పేరు ఒక్కటే ఉంది. నేను అడగలేదు, వాళ్లు వేయలేదు, అన్నారాయన.

ఆ నోటుబుక్కులను చూసి నా కళ్లు చెమర్చాయని రాస్తే బాగుంటుంది. కానీ నాకు ఆ క్షణంలో తట్టింది, మూడూ అయిదూ ఎనిమిది, అని. ఇవి కూడా కలిపితే సంచయం కొంచెం లావెక్కుతుంది. (ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.) "మీరూ రావాల అయివారూ, ఇవి తీసుకొని," అని బతిమాలాను. ఆయన వస్తానన్నారు గానీ, నా కోసం కాదు.

"పాతికేండ్లుగా చదువుతాండా నేను. దొరసానమ్మ కూడా పుస్తకాల్లో నేర్చుకున్నదే. ఆ బాస పుట్టినింట్లో విన్న మనిషిని నేను చూడలేదు. సరిగ్గా పలుకుతాండానో లేదో ఒక్కరన్నా చెప్పలేదప్పా. అది అడగాల."

గురువారం మేమంతా స్టేషన్లో ఉన్నాం. పెద్దసారు జరీ కండువా వేసుకున్నారు. అయివారు నోటుబుక్కుల మూటతో వెనక నిలబడ్డారు. డోన్ పాసింజరు వచ్చి ఆగింది. దొర కోసం పెట్టె పెట్టెకూ పరుగెత్తుతున్నాం. ఒక సన్నపాటి మనిషి, నలిగిన చొక్కా, గొడుగు, గుడ్డసంచి, మా దగ్గరికి వచ్చి ఏదో అడగబోతే, "రోంత పక్కకు జరుగప్పా, దొర దిగాల," అన్నారు పెద్దసారు. ఆయన జరిగాడు. బండి వెళ్లిపోయింది. దొర రాలేదు. తాసీల్దారు గడియారం చూసుకొని వెళ్లిపోయాడు. దండలు పట్టుకొని దిగాలుగా గ్రంథాలయానికి తిరిగి వచ్చేసరికి వెనక సందులో నుంచి నవ్వులు వినిపించాయి. మామ అంగట్లో, చాప మీద కాళ్లు మడుచుకొని, ఆ గొడుగు మనిషి టీ తాగుతున్నాడు.

"మీ దొర ఈడ కూచుండాడు అల్లుడూ," అన్నాడు మామ. "బొంబాయి యూదులంట. వాళ్ల తాతలనాటినుంచీ ఆడనే అంట. టేషన్లో మీరు పక్కకు జరగమంటిరంట. లైబ్రరీ తాళమేసి ఉంటే జట్కావాడు నా దగ్గరికి తెచ్చినాడు. ఉర్దూలో అంతా మాట్లాడుకున్యాం."

"అంతా అంటే?"

"మూడు పుస్తకాలని చెప్పినా. బోర్లేసి కట్టింది నేనేనని కూడా చెప్పినా. నీ పేరు చెప్పలేదులే."

పెద్దసారు చేతిలో దండ అట్లాగే ఉంది. ఒక్క క్షణం ఆలోచించి, ముందుకు వంగి, చాప మీద కూర్చున్న ఆయన మెడలోనే వేశారు. పెద్దసారంటే నాకు గౌరవం మొదలైంది ఆ రోజునే. బొంబాయి ఆయన రెండు చేతులూ జోడించాడు. తర్వాత నా పుస్తకాలు చూశాడు. ఒకటి వ్యాకరణం, ఒకటి నిఘంటువు, అయివారి దగ్గరున్నది ప్రార్థనల పుస్తకం. మూడూ మామూలువే, బొంబాయిలో వాళ్ల వీధిలోనే నాలుగైదు ఇళ్లలో ఉంటాయన్నాడు. ఆ పైన నా వైపు తిరిగి ఇంగ్లీషులో నింపాదిగా అన్నాడు: "మీ ఉత్తరంలోని ఆ మాట చదివి నేను రెండు రాత్రులు రైల్లో కూర్చుని వచ్చాను. నాకేం బాధ లేదు, టీ బాగుంది. కానీ మా పత్రిక చదివేవాళ్లలో పోయిన పుస్తకాల కోసం వెతుకుతున్నవాళ్లున్నారు. మూడుంటే మూడు అని రాయండి. వాళ్లను ఊరికే ఆశపెట్టకూడదు."

తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. నేను తలవంచుకొని నిలబడి ఉండగా అయివారు చాప అంచున కూర్చున్నారు. ప్రార్థనల పుస్తకం తిప్పి పట్టుకొని, బొంబాయి ఆయన అనుమతి అడిగి, గొంతు సవరించుకొని చదివారు. మామ టీ గ్లాసులు కడగడం ఆపేశాడు. మొదట బొంబాయి ఆయన పెదవులు అయివారితో పాటు కదిలాయి. తర్వాత ఆయన కూడా గొంతు కలిపాడు. ఒకచోట ఆగి ఒక మాట సరిదిద్దాడు. అయివారు వెంటనే పెన్సిలు తీసి నోటుబుక్కులో దిద్దుకున్నారు. ఇంకోచోట ఇంకొకటి. చదవడం అయ్యాక అయివారు చేతులు కట్టుకొని కూర్చున్నారు.

"తప్పులెన్ని ఉండాయంటాండాడు?" అని నన్నడిగారు.

నేను ఇంగ్లీషులో అడిగి, ఆయన చెప్పింది తెలుగులో చెప్పాను. ప్రతి అక్షరాన్నీ తెలుగువాళ్లలాగే నిండుగా పలుకుతున్నారట. అయిదారు మాటలు దొరసానమ్మ యాసలో ఉన్నాయట. మిగతాదంతా మా వీధిలో ఎవరు విన్నా అర్థమవుతుంది, మా నాయనమ్మ ఉండి ఉంటే ఇంకోసారి చదవమనేది, అన్నాడు.

అయివారు తల ఊపారు. "సరే," అన్నారు. కండువాతో ముఖం తుడుచుకున్నారు. ఎండ ఎక్కువగానే ఉంది లెండి.

ఆ సాయంత్రం బండి ఎక్కేలోపు బొంబాయి ఆయన నన్ను ఎదురుగా కూర్చోబెట్టి కొత్త వ్యాసం రాయించాడు. అచ్చు పుస్తకాలు మూడు, సాధారణమైనవి, బైండింగు తలకిందులు. (ఆ మాట తీసేద్దామని నేనెంత వేడుకున్నా ఒప్పుకోలేదు. చూడడానికి వచ్చేవాడికి పనికొస్తుందన్నాడు.) తెలుగు లిపిలో హీబ్రూ పదాల చేతిరాత నోటుబుక్కులు అయిదు, ఇటువంటివి ఇంకెక్కడా ఉన్నట్టు తెలియదు, సొంతదారు ఆళ్లగడ్డలో ఉన్నారు. ఆ మాటలు కొన్ని ఉదాహరణకు. సంగటి కూడా. నా పర్మినెంటు కాగితం మీద పెద్దసారు వారానికే సంతకం పెట్టారు. ఆ పైన ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

మరుసటి ఏడు పత్రిక వచ్చింది. పదకొండు వరుసలు, చిన్న అక్షరాల్లో. అయివారి పేరు వ్యాసం మధ్యలో, గౌరవంగా. నా పేరు చివర, కుండలీకరణాల్లో, ఒక అక్షరం తప్పుతో. ఆ తప్పు చూసి నేను మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. నాలుగో రోజు పత్రికను కాగితంలో చుట్టుకొని ఆళ్లగడ్డ వెళ్లాను. అయివారు ముందుగా తన పేరు వెతుక్కోలేదు. దిద్దుకున్న మాటలు సరిగా పడ్డాయా లేదా అని చూసుకొని, పడ్డాయని తృప్తిపడ్డారు. నేను మాత్రం నా పేరు మీద వేలు పెట్టి చూపిస్తున్నాను. ఆయన మర్యాదకు వంగి చూశారు. అచ్చులో ఎట్లా ఉందో అట్లాగే, ఆ తప్పు అక్షరంతో సహా, కొత్తగా నేర్చుకుంటున్న మాటను కూడబలుక్కున్నట్టు, నెమ్మదిగా, ఎంతో శ్రద్ధగా పలికారు.

"బాగా పడిందప్పా," అన్నారు.

తప్పు పడిందని చెబుదామని నోరు తెరిచాను. ఆయన ముఖం చూసి ఊరుకున్నాను. ఆ ఏడాదంతా ఆ కుర్రవాడు, అంటే అప్పటి నేను, చేసిన పనుల్లో నాకు ఇప్పటికీ నచ్చేది ఆ ఊరుకోవడం ఒక్కటే.