బ్రేక్‌వ్యాన్లో కట్టిన రాజ్యాలు

గూడ్సు గార్డు తిరుమలరావు రాసిన అద్భుత నవలకి బిలాస్‌పూర్ మొత్తంలో ఒక్క పాఠకురాలు కావాలి. ఆ పాఠకురాలు ఇంట్లోనే ఉంది. ఆయన కూతురు భవిత. మంత్రగత్తెలూ, ఎగిరే సర్పాలూ ఉన్న ఇంగ్లీషు నవలలు, ఒక్కొక్కటి ఇటుకంత లావువి, ఫోనులో తెగ చదివేస్తుంది. తెలుగు మాత్రం వాళ్ల నాయనమ్మ గుణింతాల దాకా నేర్పి చేతులెత్తేసింది. విజయనగరం వెళ్లేటప్పుడు ఈ పిల్ల స్టేషను బోర్డు కూడబలుక్కునేలోపు రైలు కదిలిపోయేది. అలాంటి పిల్ల తన నవల చదవాలని తిరుమలరావు కోరిక. మనిషికి ఆశ కాస్త ఎక్కువే.

ఈమధ్య ఆయన ఉద్యోగానికి ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారు గానీ, బొగ్గుబండి చివర ఊగే బ్రేక్‌వ్యాను డబ్బా మాత్రం మారలేదు. పాసింజరు బండ్లకి దారి ఇవ్వడానికి ఆయన బండిని ఏదో ఒక లూప్‌లైన్లో గంటల తరబడి నిలబెడతారు. ముందు ఇంజనులో డ్రైవరు విసుక్కుంటాడు. వెనక తిరుమలరావు కలం తీస్తాడు. బండ్లు టైముకి నడిచిన నెలల్లో తెలుగు సాహిత్యానికి తీరని నష్టం జరిగిందని ఆయన బాధ.

కొత్త లోకం కట్టడం తనకి వెన్నతో పెట్టిన విద్య అనుకునేవాడు. రాజ్యాలు కట్టాడు, వాటికి మ్యాపు కూడా గీశాడు. భార్య నీలవేణి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటండీ, రాజ్యాలన్నీ ఒకదాని ఎనకాల ఒకటి వరసగా ఉన్నాయి. ఇది మన కట్నీ లైనేటి?" అంది. చూసుకుంటే నిజమే. మాయాగుహ ఉన్నచోట సొరంగం ఉంది. ఆవిడ అంతటితో ఊరుకోలేదు. "మీ యువరాజు ఎప్పుడూ యుద్ధం అయిపోయాకే వత్తాడేటి?" అని కూడా అడిగింది. ఏళ్ల తరబడి బండి చివర కూర్చుని, దాటిపోయిన ఊళ్లనే చూసేవాడికి ఎదర ఏం జరుగుతుందో ఎలా తెలుస్తుంది?

పోయినేడు తెలుగు సమాజంలో పెద్దమనిషి రమణమూర్తిగారికి రాతప్రతి ఇచ్చాడు. ఆర్నెల్లకి తిరిగొచ్చింది. "భాష గొప్పగా ఉందండీ" అన్నారాయన. ఆ మెప్పుతో తిరుమలరావు కొన్నాళ్లు ఛాతీ విరుచుకు తిరిగాడు. తీరా ఒకరోజు ఆ కట్ట విప్పబోతే, పాత జెండా పీలికతో తాను వేసిన ముడి వేసినట్టే ఉంది. ఆ పూట అన్నం సయించలేదు.

ఇలా ఉండగా భవిత ఫోను కింద పడి పగిలింది. తెలిపారా బజార్లో రిపేరుకిస్తే ఆదివారం పోయాకే అన్నాడు. ఆ ఆదివారం మధ్యాహ్నం దాకా గోడలు చూసి చూసి, "లావో నాన్నా, నీ కితాబే ఇవ్వు. చదివి చూత్తాను" అంది, సగం హిందీ కలిపి. ఆ రిపేరు షాపువాడు చల్లగా ఉండాలని తిరుమలరావు మనసులోనే దీవించాడు.

మొదటి వాక్యం ఆయన ఎన్నో లూపుల్లో కూర్చుని చెక్కినది. 'ప్రళయకాల ఝంఝామారుత విధ్వంసిత కేతనుడై యువరాజు దుర్గద్వారమున నిలిచెను.' భవిత వేలు పెట్టి 'ప్రళయకాల' దాకా వచ్చి, ఆ తర్వాతి అక్షరం దగ్గర ఆగిపోయింది. తండ్రి అందించాడు. మళ్లీ ఆగింది.

"అంటే ఏటి నాన్నా?"

తిరుమలరావు గొంతు సవరించుకుని సమాసం విప్పబోయాడు. విప్పితే లోపల పెద్దగా ఏమీ లేదు.

"గాలేసిందమ్మా. జెండా పడిపోయింది."

"అచ్ఛా. అదే రాయొచ్చు కదా. ఇంత లంబా ఎందుకు?"

ఆయనకి ఒళ్లు మండింది. కానీ పిల్ల కాగితాలు పక్కన పెట్టేస్తుందేమోనన్న భయం అంతకంటే పెద్దది. పెన్సిలు తీసి ఆ వరసంతా కొట్టేసి, ఆ రెండు ముక్కలే పైన రాశాడు. ఇక భవిత ఎక్కడ తడబడితే అక్కడ కొడుతూ పోయాడు. మొదట్లో పన్ను పీకించుకుంటున్నట్టు ఉంది. పోనుపోను చేతికి హుషారొచ్చింది. అటుగా వచ్చిన నీలవేణి కాగితం వైపు తొంగిచూసి, "పాపం, ఇంకేటి మిగిలింది?" అంది.

మిగిలింది ఇంతే. గాలి వేసింది. జెండా పడిపోయింది. కోట తలుపు తీసి ఉంది. కాపలావాడు లేడు. యువరాజు లోపలికి అడుగుపెట్టాడు.

భవిత మళ్లీ మొదటినుంచి అందుకుంది. ఈసారి వేలు పెట్టలేదు, ఎక్కడా ఆగలేదు. చివరికొచ్చి తల ఎత్తి, "తరవాతేటయింది?" అంది.

ఇన్నేళ్లూ తిరుమలరావు రాసింది ఈ ఒక్క ప్రశ్న కోసం. సంతోషంగా రెండో పేజీ తిప్పాడు. అందులో చంద్రోదయం ఉంది. మూడో పేజీలోనూ అదే చంద్రుడు, ఇంకాస్త పైకి వచ్చాడు. నాలుగో పేజీ నిండా కోటగోడ వర్ణన. లోపలికి వెళ్లిన యువరాజు ఏమయ్యాడో రాసినవాడికే దొరకలేదు.

"చెప్పు నాన్నా."

"ఉండమ్మా, నాకూ తెలీదు" అన్నాడాయన. చంద్రుణ్నీ, గోడనీ కలిపి నలిపి అవతల పడేసి, తెల్లకాగితం ముందుకు లాక్కున్నాడు. భవిత లేచి వెళ్లలేదు. పెన్సిలు వైపే చూస్తూ కూర్చుంది.