గోడ దిగిన తెర

మా బావ అపిసాయి సైన్యంలో ముప్పై ఏళ్లు చేసి సార్జెంట్‌గానే మిగిలిపోయాడు. తెలివి లేక కాదు. పై హోదాకి పంపే కోర్సు సువా ఊరి బయట మా క్యాంపులో నడిచిన ఏడాది ఆయన్ని శాంతిసేనతో సినాయి ఎడారికి పంపారు. తిరిగొచ్చేసరికి వయసు దాటిందన్నారు. ఆయన దగ్గర తుపాకీ తుడవడం నేర్చుకున్నవాళ్లే ఆయనకి హుకుములు జారీ చేయడం మొదలుపెట్టారు. మా ఫిజీలో పై హోదావాళ్ల ముందు ఎవరూ ఏమీ అనరు.

రిటైరయ్యే ఏడాది ఆయనకొక పని అప్పగించారు. పాత గిడ్డంగిని కొత్తరకం తరగతి గదిగా మార్చాలి. ఆ కోర్సే ఇక అందులో నడుస్తుంది. పాఠం ముందే టాబ్లెట్‌లో చదువుకుని రావాలి, గదిలో చర్చ జరగాలి, ఎడారిలో ఉన్నవాళ్లు తెర మీద నుంచి ఆ చర్చలో కలవాలి. సగం మార్కులు నోరు విప్పి మాట్లాడినదానికే. ఎడారిలో ఉన్నవాడికి కోర్సు తప్పిపోకూడదని ఇంత ఏర్పాటు. బావ ఆ పని మీద ఎలా పడ్డాడంటే, ఆ గదినే కట్టుకోవాల్సింది కదా అని మా అక్క దెప్పింది.

ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ప్లాను ప్రకారం తెరని గోడకి బాగా ఎత్తున బిగించాడు, వెనక వరసకి కూడా కనబడాలని. గది మొత్తం ఎడారివాళ్లకి కనబడేలా వెనక గోడకి కెమెరా పెట్టాడు. క్యాంపు స్టోరు నాది కనక వైర్లూ మేకులూ నేనే ఇచ్చాను.

మొదటి క్లాసు కర్నల్ రతూ ఇనోకే గారు తీసుకున్నారు. గదిలోవాళ్లు మాట్లాడారు. తెర మీద కుర్రాళ్లు బెల్లం కొట్టిన రాళ్లలా కూర్చున్నారు. అర్థమైందా అంటే తలూపారు. తర్వాతి క్లాసుల్లోనూ అంతే. కర్నల్ గారు బావని పిలిచి, నెలాఖరు దాకా చూస్తానని, అప్పటికీ ఇలాగే ఉంటే ఎడారి వైపు ఆపేస్తానని, వాళ్లు తిరిగొచ్చాక చూసుకోవచ్చని చెప్పారు. తిరిగొచ్చాక ఏం జరుగుతుందో బావకి తెలుసు. ఆ పూట కర్రపెండలం ముట్టలేదు.

మైకులు మార్చాడు. వైర్లు మార్చాడు. ఆఖరికి నా మీద పడ్డాడు.

"నీ స్టోర్లో వైర్లన్నీ నీలాంటివేరా. పని చేస్తున్నట్టు కనిపిస్తాయంతే."

"బిగించినవాడిది కూడా చెప్పు బావా," అన్నాను.

మర్నాడు రాత్రి భోజనాల వేళ, గది ఖాళీగా ఉన్నప్పుడు, ఎడారిలో ఉన్న కార్పొరల్ నెమానీని ఒక్కణ్ణే తెర మీదికి పిలిచాడు. వాడు పాఠమంతా గడగడా అప్పజెప్పాడు. మైకులో ఏ లోపమూ లేదు.

"మరి క్లాసులో ఏం రోగంరా నీకు?"

"కెమెరాలో గది కనబడుతుంది కదా సార్. కర్నల్ గారు కింద, ఆయన నెత్తిన మా మొహాలు. పెద్దాయన తల కంటే పైన కూర్చుని నోరెలా విప్పుతాం సార్?"

బావ కుర్చీలో కూలబడ్డాడు. పెద్దల ముందు నుంచి నడిస్తే నడుం వంచి "తులౌ", అంటే మన్నించండి, అనమని మనవళ్లకి నేర్పిన మనిషి ఆయన. నాకు తగని నవ్వొచ్చింది. ఆపుకోలేదు కూడా.

ప్లాను మార్చాలంటే ఆస్ట్రేలియా అనుమతి కావాలి. బావ అడగలేదు. తెర విప్పి, నేలంతా చాపలు పరిచి, చిన్నవాళ్లు కూర్చునే చివర నిలబెట్టాడు. బల్లలూ కుర్చీలూ మెస్సుకి తోలేశాడు. కర్నల్ గారు వచ్చి గోడకున్న బొక్కలు చూశారు, కిందున్న తెరని చూశారు, బూట్లు విప్పి, పెద్దలు కూర్చునే పైకొసన కూర్చున్నారు.

పాఠం సగంలో ఉండగా తెర మీంచి మొదటి ప్రశ్న వచ్చింది. నెమానీది. ఆ తర్వాత ఆపడం ఎవరి వల్లా కాలేదు. మెస్సులో వంటలన్నీ చల్లారిపోయాయి. ఎడారి వైపు ఆపే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కోర్సు ముగిసిన రోజు అందరూ పాసయ్యారు. వేడుకల్లో తాగే యంగోనా వేరు రసం కలిపారు. అదే బావకి సర్వీసులో ఆఖరి రోజు కూడా. కర్నల్ గారు తన పక్కన చాప తట్టి, "ఇలా వచ్చి కూర్చో అపిసాయి," అన్నారు. సార్జెంట్‌కి అంతకంటే గౌరవం లేదు.

బావ తలొంచుకుని నిలబడ్డాడు. "క్షమించాలి సార్. ఈ కోర్సులో నా చోటు అటు, ఎడారివాళ్ల వైపు."

నడుం వంచి, "తులౌ, తులౌ" అంటూ అందరి ముందు నుంచీ నడిచి, చాప చివర తెర పక్కన చతికిలబడ్డాడు. నాకు ఈసారి నవ్వు రాలేదు.

తెర మీద కుర్రాళ్లు ఒకళ్లనొకళ్లు మోచేతుల్తో పొడుచుకున్నారు. నెమానీ పక్కవాణ్ణి నెట్టాడు. అందరూ కొంచెం కొంచెంగా జరిగి, బావ కూర్చున్న వైపు ఒక మనిషికి చోటు వదిలారు.