కొట్టంలో కట్టిన సినిమా గది

డ్రాయింగ్ సార్ పోయారు. పోయిన శుక్రవారం పొద్దున బడికి బయలుదేరి, చెప్పులు వేసుకుందామని గడప మీద కూర్చున్నవారు మళ్ళీ లేవలేదు. కబురు నాకు మెషిన్ షాపులో ఉండగా అందింది. లేత్ ఆపి ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళి గేట్‌పాస్ అడిగాను.

"నీకు ఏమైతడు?" అన్నాడు.

"ఎదురింటి సార్."

"ఎదురింటోళ్ళు సచ్చినప్పుడల్లా పాస్ ఇస్తే ఇగ కంపెనీ నడిచినట్టే," అని నవ్వాడు.

పాస్ ఇచ్చాడు, అది వేరే సంగతి. నేను అరిచిన అరుపుకు పక్క మెషిన్ల వాళ్ళు కూడా పని ఆపి చూశారు మరి. కానీ ఆ ప్రశ్న అడగదగ్గదే. నాకు ఆయన ఏమవుతారు? చుట్టం కాదు. బడిలో నాకు పాఠం చెప్పిన మనిషి కాదు. మా యూనియన్ మనిషి అసలే కాదు. ఆ ప్రశ్నకు జవాబుగానే ఇది రాస్తున్నాను. మన కార్మికుల పత్రిక చదివేవాళ్ళలో చాలామంది ఆయన కట్టిన గదిలో కూర్చున్నవాళ్ళే. ఆ గది ఎలా పుట్టిందో మాత్రం అందరికీ తెలియదు.

సార్‌ది కృష్ణా జిల్లా. పటాన్‌చెరు హైస్కూలుకు డ్రాయింగ్ మాస్టారుగా వచ్చి, ఇక్కడే ఒక పాత పెంకుటిల్లు కొనుక్కుని ఉండిపోయారు. ఇంటి వెనక పశువుల కొట్టం. పశువులు లేవు, పిల్లలూ లేరు. ఆయన భార్యను మా వీధంతా 'అమ్మ' అనే పిలుస్తుంది. నేను ఇస్మాయిల్‌ఖాన్‌పేట దగ్గరి పల్లె నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చి, వాళ్ళ ఎదుటి గదిలో కిరాయికి దిగాను. నా సామానంతా ఒక ట్రంకుపెట్టె. అందులో బట్టలకంటే కరపత్రాలే ఎక్కువ. దిగిన వారంలోనే సార్‌తో గొడవ పెట్టుకున్నాను. దేని గురించో గుర్తు లేదు. ఆయన మాత్రం ఆ రోజు నుంచి నా పేరు మార్చేశారు. నేను గేటు తీస్తే చాలు, "కరపత్రం వచ్చిందే, టీ పెట్టు," అని లోపలికి కేకేసేవారు.

అమ్మకు సినిమా అంటే ప్రాణం. ఊరి చివర డేరా టాకీస్ మీకందరికీ తెలుసు. నేల, బెంచి, కుర్చీ అని మూడు రకాల మనుషుల్ని తయారు చేసిన చోటు అది. నేలవాడికి ఇసుక, బెంచివాడికి మేకులు, కుర్చీవాడికి నల్లులు. చీకటి పడితే గానీ ఆట మొదలు కాదు గనక చాలా ఇళ్ళ ఆడవాళ్ళకు అది లేనట్టే లెక్క. అమ్మ మాత్రం సార్‌ను వెంటపెట్టుకుని వెళ్ళేది. బావి దగ్గర జారిపడి నడుము దెబ్బతిన్నాక కూడా పట్టుబట్టి ఒకసారి వెళ్ళింది. ఇంటర్వెల్ దాటలేకపోయింది. సార్ ఆమెను ఎత్తుకొచ్చి రిక్షాలో పడుకోబెడితే, నొప్పి గురించి ఒక్క మాట అనలేదట. "కథ ఏమైందో ఎవరినైనా అడిగి చెప్పండి," అని మాత్రం అన్నదట.

సార్ ఊరంతా అడిగారు. పాలమ్మే పెద్దమ్మ ఒక ముగింపు చెప్పింది. సైకిల్ షాపాయన ఇంకొకటి చెప్పాడు. బడిలో లెక్కల మాస్టారు చెప్పిన ముగింపులో అసలు వేరే హీరో ఉన్నాడు. అవన్నీ తెచ్చి అమ్మకు చెప్పి, ఆమె నవ్వుతుంటే చూసి, అప్పుడు నిర్ణయం తీసుకున్నారు సార్. అమ్మ ఒక సినిమా మొదటి నుంచి 'శుభం' దాకా కూర్చుని చూడాలి. ఇంట్లో ఒంటరిగా కాదు, పదిమంది మధ్య. పెట్టుకున్న పని అంతే. చర్చి వాళ్ళు మూలన పడేసిన చిన్న ప్రొజెక్టరును అడిగి తెచ్చుకుని బాగు చేసుకున్నారు. కొట్టం ఎలాగూ ఖాళీ.

మొదట ఆయన గీసిన బొమ్మలో కొట్టం నడుమ ఒక పడక కుర్చీ, చుట్టూ చాపలు. చూడగానే నాకు ఒళ్ళు మండింది.

"ఏంది సార్ గిది? నడుమ అమ్మకు సింహాసనం, సుట్టు జనం నేల మీద. దర్బారు పెడుతున్నరా?"

"మరేం చేద్దామంటావ్?"

"అందరూ చాపల మీదనే కూసోవాలె. సమానంగ."

మంచం మీద నుంచి అమ్మ అందుకుంది. "అలాగే నాయనా. మీరంతా సమానంగా కింద కూర్చోండి, నేను సమానంగా ఇంట్లో పడుకుంటాను."

సార్ పగలబడి నవ్వారు. "ఒరేయ్, నీ పుస్తకాల్లో మనుషులకు పిడికిళ్ళున్నాయి, కడుపులున్నాయి. నడుములు లేవేంట్రా?"

టీ తాగకుండా లేచొచ్చేశాను. కానీ మర్నాడు షిఫ్టులో ఆ మాట వదల్లేదు. పొద్దంతా లేత్ ముందు నిలబడ్డ నా నడుమే నాతో మాట్లాడింది. సాయంత్రం తిన్నగా సార్ ఇంటికే వెళ్ళాను. "సార్, నడుములున్నయ్. గని అమ్మకొక్కదానికే కాదు, అందరికున్నయ్. ఆనుకుంటే అందరం ఆనుకోవాలె," అన్నాను.

"అన్ని కుర్చీలు ఆ కొట్టంలో పట్టవురా."

"పట్టేటట్టు జేయున్రి. డ్రాయింగ్ మాస్టరు మీరు, నేను కాదు."

 ఆయన బొమ్మ చింపేసి కొత్తది గీశారు.

ఆ గది గొప్పతనమంతా ఆ రెండో బొమ్మలో ఉంది. కొట్టం పైకప్పు ఒక వైపు ఎత్తు, ఒక వైపు పల్లం. పల్లం వైపు గోడ తెర. అక్కడి నుంచి వెనక్కి మెట్లలా నాలుగు వెడల్పాటి మట్టి అరుగులు. వెనక అరుగు ముందు గోడే ముందు అరుగు మీదివాళ్ళకు ఆనుకునే చోటు. కుర్చీ లేదు, బెంచి లేదు, నేల లేదు. ఎక్కడ కూర్చున్నా కాళ్ళు చాపుకోవచ్చు, వీపు వాల్చుకోవచ్చు, ముందువాడి తల అడ్డు రాదు. నేను చదివిన ఏ కరపత్రంలోనూ సమానత్వం ఇంత స్పష్టంగా కనబడలేదు, ఇది రాసిపెట్టుకోండి.

ఆనుకునే ఆ గోడలు ఎంత వాలుగా ఉండాలి? దానికి సార్ చేసిన పని చూసి వీధి వీధంతా నవ్వింది. పెరట్లో తడి ఇసుక కుప్ప పోయించి, దారిన పోయేవాళ్ళను పిలిచి దానికి ఆనుకుని కూర్చోమనేవారు. లేచాక ఇసుకలో పడిన వీపు అచ్చును పక్క నుంచి చూసి గీసుకునేవారు.

"ఏంది సారూ, తడి ఇసుకల కూసోబెడుతున్నవ్? నేనేమన్న శెనగ గింజనా మొలకెత్తేతందుకు?" అని పాలమ్మే పెద్దమ్మ కొంగు దులుపుకుంటూ తిట్టింది. తిట్టి, మళ్ళీ కూర్చుంది. "గట్లనే ఉంది గని సల్లగ మంచిగుంది," అంది.

మా షాపు వాళ్ళు కూర్చున్నారు, పక్క ఊరు చిట్కుల్ నుంచి పనికి వచ్చేవాళ్ళు కూర్చున్నారు. ఆఖరికి అమ్మను నడిపించుకొచ్చి కూర్చోబెట్టారు. ఇసుకను కొంచెం తీసి, కొంచెం వేసి, ఆమె "ఇప్పుడు బాగుంది" అనే దాకా సర్దారు. అరుగులన్నీ ఆ వాలులోనే కట్టించారు. నేను ఊరుకుంటానా? "మళ్ళ అమ్మ కొలతేనా? మెజారిటీ వీపుల సంగతేంది?" అని అడిగాను.

"నొప్పి ఉన్న వీపుకు సరిపోతే నొప్పి లేని వీపుకు సరిపోతుందిరా. తిరగేస్తే సరిపోదు," అన్నారు.

తలుపు దగ్గర ఇంకో యుద్ధం. ఆట ఆదివారం మధ్యాహ్నం. అలా అయితేనే ఆడవాళ్ళు రాగలరు. పట్టపగలు సినిమా కావాలంటే గది చీకటిగా ఉండాలి, చీకటి కావాలంటే తలుపు మూయాలి. నాకు మూసిన తలుపంటే పడదు. షిఫ్టు దిగివచ్చేవాడు మూసిన తలుపు ముందు నిలబడాలా? కొట్టే ధైర్యం లేనివాడు వెనక్కి పోవాలా? "తలుపు పెడితే నేను ఈ గడప తొక్క," అన్నాను. సార్ చిరాకుపడ్డారు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆయనే మా గదికి వచ్చి, నా ట్రంకుపెట్టె మీద కూర్చుని, బొగ్గు ముక్కతో నేల మీద ఒక వంకర దారి గీశారు. లోపలికి రావాలంటే రెండుసార్లు మళ్ళాలి. వెలుగు తిన్నగా వస్తుంది గనక మొదటి మలుపు దగ్గరే ఆగిపోతుంది. మనిషి మళ్ళగలడు గనక లోపలికి వస్తాడు. "ఇదిగో, నీ తలుపు లేని గది. ఇక మూసుకో," అన్నారు. నోరు మూసుకోమన్నారు. ఆ ఒక్కసారి మూసుకున్నాను.

గది తయారయ్యాక మాట మోగింది. తెర మీది మనిషి ఒక మాటంటే గోడలు నాలుగు మాటలనేవి. సార్ చప్పట్లు కొడుతూ గదంతా తిరిగి, "బొంతలు కావాలి," అన్నారు. వీధిలో ఆడవాళ్ళు పాత చీరలతో కుట్టిన బొంతలు తెచ్చి ఇచ్చారు. వెనక గోడ నిండా వేలాడదీశారు. మోత ఆగింది. ఎవరి బొంత ఎక్కడుందో వెతుక్కుని దాని కిందే కూర్చునేవాళ్ళు మొదట్లో ఉండేవాళ్ళు.

మొదటి ఆదివారం నాకు బాగా గుర్తుంది. అమ్మ ఇంటర్వెల్‌లో వదిలేసి వచ్చిన ఆ సినిమాయే కావాలని, చిన్న ప్రొజెక్టరుకు సరిపోయే కాపీ కోసం సార్ హైదరాబాద్ చుట్టూ తిరిగి డబ్బాలు తెచ్చారు. అమ్మ రెండో అరుగు మీద, పాలమ్మే పెద్దమ్మకు, చిట్కుల్ నుంచి వచ్చిన ఒక బాలింతకు మధ్య కూర్చుంది. నేను తెర చూడలేదు, అమ్మనే చూశాను. ప్రొజెక్టరు కోసం వెనక గోడకు పెట్టిన కంతలోంచి సార్ కూడా ఆమెనే చూస్తున్నారని నాకు తెలుసు. ఇంటర్వెల్ అయింది. మళ్ళీ మొదలైంది. ఒకచోట అమ్మ కొంచెం కదిలింది. ప్రొజెక్టరు చప్పుడు తగ్గింది, సార్ ఆపబోయారు. అమ్మ వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తి, కానివ్వండి అన్నట్టు ఊపింది. చప్పుడు మళ్ళీ అందుకుంది.

'శుభం' పడింది. గది మొత్తం అమ్మ వైపు తిరిగింది.

"ఇంతేనా?" అంది అమ్మ. "ఇంతకంటే మీరు ఊళ్ళో అడిగి తెచ్చిన ముగింపులే బాగున్నాయండీ!"

వెనక కంతలోంచి సార్ నవ్వు వినబడింది. ఆ నవ్వుతో పాటు కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయేమో, గోడకు ఇవతల ఉన్న నాకు తెలియదు.

తర్వాత ఆ గది ఎన్నో ఆదివారాలు నిండింది. నాకు అక్కడ ఉపన్యాసాలు ఇవ్వాలని ఆశ. సార్ ఒక షరతు పెట్టారు. "రీలు మార్చేంతసేపు మాట్లాడుకో. దీపం ఆరితే నోరాగాలి." మొదట్లో రీలు మార్చడానికి ఆయనకు బాగా సమయం పట్టేది, నేను ప్రపంచమంతా చుట్టి వచ్చేవాణ్ణి. ఆయన చెయ్యి తిరిగేకొద్దీ నా ప్రపంచం చిన్నదైంది. కావాలనే జల్దీ మార్చేవారని నా అనుమానం. అయితే ఒకటి ఒప్పుకుంటాను. మొన్న గేటు మీటింగులో నాలుగు ముక్కల్లో నా మాట ముగిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. ఆ నాలుగు ముక్కలూ నేర్పింది ఏ పుస్తకమూ కాదు.

శనివారం సమాధి చేశారు. ఆదివారం, ఇంటివాళ్ళను ఓదార్చి ప్రార్థన చేసే ఆదరణ కూడిక ఇంట్లో పట్టదని కొట్టంలోనే పెట్టారు. పాస్టర్ గారు గొంతెత్తి పాట మొదలుపెడితే బొంతలు సగం మింగేశాయి. ఆయన ఆగి, ఇబ్బందిగా వెనక గోడ చూసి, ఇంకా గట్టిగా అందుకున్నారు. సార్ ఉంటే నవ్వేవారు. అరుగులన్నీ నిండాయి. బడి మాస్టార్లు, మా షాపు వాళ్ళు, కంపెనీ టౌన్‌షిప్ నుంచి ఇద్దరు ఆఫీసర్లు, చిట్కుల్ ఆడవాళ్ళు. షిఫ్టు దిగినవాళ్ళు వంకర దారిలోంచి ఒక్కొక్కరే వస్తూనే ఉన్నారు.

కూడిక అయ్యాక కృష్ణా జిల్లా నుంచి వచ్చిన సార్ అన్నగారు మెల్లగా అన్నారు. "అమ్మాయ్, వాడు లేడు కదా. ఎవరో కంపెనీ వాళ్ళు సామాను పెట్టుకోవడానికి ఈ కొట్టం అడుగుతున్నారట. ఇచ్చేస్తే నీకూ నిశ్చింత."

 నోరు తెరవబోయాను. అమ్మ నా వైపు చూసింది, ఆగిపోయాను.

"సామానుకు నడుమెక్కడిది బావగారూ," అంది అమ్మ. "దానికి ఎక్కడ పడేసినా ఒకటే. ఈ అరుగులు మనుషులకు కట్టినవి." తర్వాత మా అందరి వైపు తిరిగి, నన్ను చూపిస్తూ, "వచ్చే ఆదివారం ఆట ఉంది. మిషను తిప్పడం ఈ అబ్బాయికి ఆయన నేర్పారు. రీలు మార్చేటప్పుడు మాత్రం మాట్లాడనివ్వకండి," అంది. ఏడుస్తున్నవాళ్ళు నవ్వారు.

బయటికి వచ్చేటప్పుడు చూశాను. క్రిస్మస్ వస్తోందని సార్ పోవడానికి కొద్ది రోజుల ముందే అరుగులకు సున్నం వేయించారట. ఆనుకున్నవాళ్ళకు అంటకుండా జిగురు కలపమని అమ్మ చెబితే, రెండో పూతలో కలుపుదాంలే అన్నారట. రెండో పూత పడలేదు. బొంబాయి రోడ్డు వైపు బస్సు కోసం నడుస్తున్నారు జనం. ఆఫీసరు కోటు మీద, మాస్టారి లాల్చీ మీద, నూనె మరకల ఖాకీల మీద, ఆడవాళ్ళ కొంగుల మీద అదే చోట, అదే ఎత్తున తెల్లటి సున్నం. ఎవరి వీపు వాళ్ళకు కనబడదు గనక ఎవరికీ తెలియదు. నా ముందు నడుస్తున్న మనిషికి దులుపుదామని చెయ్యెత్తాను. ఎత్తిన చెయ్యి దించేశాను. ఆ వీపులన్నీ బస్సెక్కాయి.