చెమట పట్టని వాడి లెక్కల పరీక్ష

ఆ రోజుల్లో మా ఊళ్లో మనిషి విలువను చెమటతో కొలిచేవారు. వాన ముఖం చాటేసినా, చెరువు నెర్రెలు విచ్చినా, మా అనంతపురం వైపు చెమటకు మాత్రం ఎన్నడూ కరువు రాలేదు. "చెమటోడ్చినోడే మనిషప్పా" అనేవాడు మా నాయన, గొర్రెల మందను దొడ్డికి తోలి, అరుగు మీద కూలబడి తుండుగుడ్డ పిండుకుంటూ. అలాంటి మనిషి ఇంట్లో దేవుడు నన్ను చెమటే పట్టకుండా పుట్టించాడు. (పనిలో పనిగా జుట్టు పలచగా ఇచ్చాడు. పళ్లు నాలుగైదు ఇచ్చి, వాటినీ మొలల్లా కోసుగా చెక్కి చేతులు దులుపుకున్నాడు. పాత ఫోటోల్లో నేను నోరు మూసుకుని ఉండటం గాంభీర్యం వల్ల కాదు.)

పసితనంలో ప్రతి ఎండాకాలం నా ఒళ్లు పెనంలా కాలేది. తాయెత్తులు కట్టారు, దిష్టి తీశారు, సూదులు వేయించారు. అసలు సంగతి కనిపెట్టింది నాయనను కన్న మా అవ్వ. ఒక మధ్యాహ్నం ఎనుమును కడుగుతూ (బర్రెను మా వైపు ఎనుము అంటాం), రొప్పుతున్న ఆ గొడ్డు నీళ్లు పడగానే కళ్లు మూసుకుని కుదుటపడటం చూసి, ఏం తోచిందో, జ్వరంతో మూలుగుతున్న నన్ను దాని పక్కన నిలబెట్టి రెండు చెంబులు కుమ్మరించిందట. కాసేపటికి నా ఒళ్లు చల్లబడింది. "వీనికి దయ్యమూ ల్యా, భూతమూ ల్యా. ఎనుము మాదిరి వీనికీ చెమట పట్టదు. తడపతా ఉండాల, అంతే" అని తేల్చేసింది. చాలా ఏళ్ల తర్వాత ఒక పెద్ద డాక్టరు నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, ఇది చాలా అరుదైన చర్మ లోపమని, చెమట గ్రంథులు పుట్టుకతోనే సరిగా ఏర్పడలేదని, దీనికి మందు లేదని, బట్టలు తడిపి వేయమని చెప్పాడు. "ఈ మాట చెప్పేకి ఇంత చదువు చదివినాడా?" అంది అవ్వ, బయటికొచ్చి.

ఆ విధంగా నా పేరు ఎనుము అయింది. నీళ్ల ట్యాంకరు రెండు రోజులకోసారి వచ్చే ఊళ్లో, రోజుకు నాలుగుసార్లు చొక్కా తడుపుకునే వాణ్ణి తిట్టకుండా ఎవరుంటారు? "వచ్చినాడమ్మా ఎనుము! మాకు తాగేకి ల్యాకపోయినా ఈయప్పకు స్నానాలు" అని సణుగుతూనే ఆడవాళ్లు తలా ఒక చెంబు నా నెత్తిన పోసేవారు. ఒక్కరంటే ఒక్కరు లేదనలేదు.

అయితే చెంబుల మీద ఎంతకాలం బతకగలను? ఎండలో గొర్రెల వెంట తిరిగితే సాయంత్రానికి శవమై వస్తానని ఇంట్లో అందరికీ తెలుసు. నీడపట్టున కూర్చునే పని దొరకాలంటే పది పాసు కావాలి. లెక్కలు తప్పితే మళ్లీ రాయాల్సింది నడి వేసవిలో. అంటే ఆ ఒక్క పరీక్షే నా ప్రాణానికి పూచీ. అందుకే ఆ రోజు అవ్వ కూడా చంకన కడవ పెట్టుకుని నాతో బస్సెక్కింది.

నాకు పడ్డది రేకుల గది. కరెంటు లేదు. నేను కిటికీ పక్కన, అవ్వ కిటికీ అవతల. పరీక్ష గదిలో మాకు కాపలా ఉన్న సారుకు ముందే చెప్పుకున్నాం. నేను గంటకోసారి కడ్డీల్లోకి తల వంచితే, అవ్వ చెంబెడు నీళ్లు పోసేది. మూడోసారి తల వంచినప్పుడు ఆవరణలోకి స్క్వాడ్ జీపు వచ్చింది.

పరీక్ష రోజు కిటికీ పక్కన నిలబడిన మనిషిని చూస్తే స్క్వాడ్ వాళ్లకు తట్టేది ఒక్కటే. జీపు దిగిన ఆఫీసరు నేరుగా అవ్వ దగ్గరికి వచ్చాడు. "ఏం అందిస్తున్నావవ్వా? చీటీలు యాడ పెట్టినావు?" అంటూ కడవ లాక్కుని నేల మీద బోర్లించాడు. నీళ్లను ఆ మట్టి ఒక్క గుక్కలో తాగేసింది. చీటీ లేదు, ఏమీ లేదు.

"పారబోసినావు కదప్పా!" అంది అవ్వ. ఆ గొంతు నేను అంతకు ముందు వినలేదు. "నాకి సంతకమే రాదు. యేలిముద్ర మనిషిని. నేనేం లెక్కలు చెప్తాను వీనికి?"

ఆఫీసరు వినలేదు. గదిలోకి వచ్చి నా పేపరు లాక్కున్నాడు. తడి చొక్కా జేబులు వెతికాడు. "ఒళ్లంతా నీళ్లేందిరా, నాటకాలా?" అన్నాడు. కాపలా సారు ఏదో చెప్పబోతే కసురుకున్నాడు. నాకు అప్పటికే కళ్ల ముందు అంకెలు ఈదుతున్నాయి. డిబారు చేస్తాడన్న భయం, ఒళ్లు మంట, రెండూ కలిసి నాలుక పిడచకట్టింది. అప్పుడు ఆఫీసరు ముక్కు మీది చెమట చుక్క ఒకటి, నేను చెమటోడ్చకుండా కష్టపడి చేసిన లెక్క మీద టప్పున పడింది.

ఎప్పుడు వచ్చిందో, అవ్వ ఆయన పక్కనే ఉంది. "నీ చెమట చూసుకో సారూ. ఇప్పుడు వాని ఒళ్లు ముట్టుకో" అంది. ఆయన నా నుదుటి మీద చెయ్యి వేసి, చప్పున తీసేశాడు. అవ్వ చంకలోని ఖాళీ కడవ తీసుకుని బయటికి నడిచాడు. ఆవరణలో ఉన్న బోరింగును, బూట్లూ బెల్టూ వేసుకున్న ఆయనే స్వయంగా కొట్టాడు. అది పదిహేను సార్లు దగ్గితే గానీ నీళ్లివ్వలేదు. తిరిగొచ్చి, కాళ్ల మీదకు చింది బూట్లు తడుస్తున్నా చూసుకోకుండా, నా నెత్తిన నీళ్లు పోసి పేపరు చేతికిచ్చాడు.

అవ్వ అంతటితో ఊరుకుంటేనా! "మావాని టైము తింటివి కదప్పా, ఒక్క లెక్కన్నా చెప్పిపో" అంది. గది మొత్తం ఘొల్లుమంది. "అట్ల చేస్తే నన్నే పట్టుకుంటారవ్వా" అని ఆయన కూడా నవ్వి, తల వంచుకుని వెళ్లిపోయాడు.

లెక్కల్లో ముప్పై ఎనిమిది వచ్చాయి. (ఆ చెమట చుక్క పడ్డ లెక్కకు ఎన్నొచ్చాయో ఎప్పటికీ తెలియదు.)

ఇప్పుడు నేను అనంతపురంలో ఒక ఆఫీసులో కంప్యూటర్ల గది చూసుకుంటాను. నా కోసం కాదు, కంప్యూటర్ల కోసం ఏసీ వేస్తారు. ఊరికి పోతే "చెమట పట్టని ఉద్యోగం నీది" అంటారు, నేను కట్టించుకున్న పళ్లన్నీ చూపించి నవ్వుతాను. మొన్న ఎండాకాలం అవ్వకు జ్వరం వస్తే సెలవు పెట్టి వెళ్లి, గుడ్డ తడిపి నుదుటి మీద వేశాను. కళ్లు తెరవకుండానే తీసి నా చేతిలో పెట్టింది. "నాకెందుకురా? నాకి చెమట పడ్తాది. నువ్వేసుకో" అంది. ఎంత బతిమాలినా వినలేదు. చివరికి ముప్పై దాటిన ఈ ఎనుము తన నెత్తిన తడిగుడ్డ కప్పుకుని మంచం పక్కన కూర్చున్నాక గానీ, ఆమె నిద్రపోలేదు.